కార్లు రాని దారి: వెనక ఓ రైలు, ఓ కాలువ, కొన్ని కోర్టు కేసులు

వాషింగ్టన్ డీసీలోని జార్జ్‌టౌన్ దగ్గర కాలువ గట్టెక్కి సైకిల్ తొక్కడం మొదలుపెడితే పిట్స్‌బర్గ్ నడిబొడ్డుదాకా వెళ్లిపోవచ్చు. అక్కడ రెండు నదులు కలిసి ఒహైయో నది అవుతుంది. మొత్తం దూరం దాదాపు 540 కిలోమీటర్లు. మధ్యలో అక్కడక్కడ రోడ్డు దాటాలి, ఊళ్లలో నాలుగు వీధులు తిరగాలి. అంతకుమించి కార్లతో పని లేదు. ఎక్కువ భాగం మట్టి, కంకరపొడి దారే. ఒక పక్క నది, ఇంకో పక్క కొండ, నెత్తిన చెట్లు.

ఇవి నిజానికి రెండు దారులు. డీసీ నుంచి మేరీల్యాండ్‌లోని కంబర్లాండ్ ఊరిదాకా పొటోమాక్ నదిని అంటిపెట్టుకుని వెళ్లేది చీసాపీక్ అండ్ ఒహైయో కాలువ గట్టు. అక్కడివాళ్లు సీ అండ్ ఓ అంటారు. దాని పొడవు 184.5 మైళ్లు, అంటే 297 కిలోమీటర్లు. కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా 150 మైళ్లు గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్, ముద్దుగా గ్యాప్. గ్రేట్ ఫాల్స్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఈ గట్టు మీద నాలుగడుగులు వేసిన తెలుగువాళ్లు వర్జీనియా, మేరీల్యాండ్‌లలో చాలామందే ఉంటారు. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి కారేసుకుని నాలుగైదు గంటలు హైవే మీద పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ ఊరికి కార్లు లేని దారి కూడా ఒకటుంది.

చూడ్డానికి ఇది అడవి తనంతట తాను ఇచ్చిన బాటలా ఉంటుంది. అలాంటిదేమీ కాదు. ఇది బొగ్గు వ్యాపారం వదిలేసి వెళ్లిన ఆస్తి. మోకాళ్లు నొప్పెట్టకుండా కొండెక్కగలుగుతున్నామంటే కారణం బొగ్గు రైలు. వందల కిలోమీటర్లు ఎక్కడా తెగకుండా దారి ఉందంటే కారణం భూమి కాగితాలు. ఇలాంటి దారి ఎందుకింత అరుదో తెలియాలంటే ప్రకృతి కన్నా ముందు ఈ రెండింటి సంగతి చూడాలి.

వాలు ఎవరి కోసం చేశారు

ఇనుప పట్టా మీద ఇనుప చక్రం చాలా తేలిగ్గా దొర్లుతుంది. సమతలం మీద ఒక టన్ను బరువును కదిలిస్తూ ఉంచడానికి సుమారు రెండు కిలోల లాగుడు సరిపోతుంది. అదే దారి నూటికి ఒక్క అడుగు చొప్పున ఎత్తు పెరిగితే, ఆ ఎక్కుడు కోసమే టన్నుకి ఇంకో పది కిలోల లాగుడు కావాలి. అంటే కంటికి ఆనని ఒక్క శాతం వాలు ఇంజన్ పనిని ఐదారు రెట్లు పెంచేస్తుంది. అందుకే రైలు మార్గం వేసే ఇంజనీర్లు వాలు విషయంలో పరమ పిసినారులు. కొండ అడ్డొస్తే సొరంగం తవ్వారు. లోయ వస్తే వంతెన కట్టారు. రెండూ కుదరకపోతే నది వెంట వంపులు తిరిగారు. నది అప్పటికే లక్షల ఏళ్లుగా కొండల్ని కోసి అతి తక్కువ వాలున్న దారి చేసిపెట్టింది. రైలు దాన్నే వాడుకుంది.

సైకిల్‌కి ఇదెంత కలిసొచ్చిందో చూడండి. మనిషి, సైకిల్, సంచులు కలిపి 90 కిలోలు అనుకుందాం. గట్టిపడిన కంకరపొడి మీద దాన్ని దొర్లించడానికి ఒక కిలోకి కాస్త తక్కువ లాగుడు చాలు. ఒక శాతం ఎక్కుడు దానికి ఇంకో 900 గ్రాములు కలుపుతుంది. పని రెట్టింపవుతుంది, అంతే. గేరు ఒకటి తగ్గిస్తే కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేయొచ్చు. అదే కొండల మధ్య మామూలు రోడ్డయితే ఎనిమిది, పది శాతం ఎక్కుళ్లు సాధారణం. రోడ్డు వేసేవాళ్ల లెక్క వేరు, కారు ఇంజన్ ఎలాగోలా ఎక్కుతుందని వాళ్ల ధీమా.

గ్యాప్ దారి ఎత్తుల పటం చూస్తే ఈ పిసినారితనం స్పష్టంగా కనిపిస్తుంది. దారిలో అన్నింటికన్నా ఎత్తైన చోటు పెన్సిల్వేనియా సరిహద్దు దాటాక వచ్చే ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్. సముద్రమట్టానికి 2,392 అడుగుల ఎత్తు. దీనికి ఒకవైపు పడిన వాన పొటోమాక్‌లో చేరి అట్లాంటిక్‌కి పోతుంది. రెండోవైపు పడింది ఒహైయో, మిసిసిపీ మీదుగా గల్ఫ్ ఆఫ్ మెక్సికోకి చేరుతుంది. పిట్స్‌బర్గ్ నుంచి వచ్చేవాళ్లు ఈ ఎత్తుకి చేరడానికి దాదాపు 126 మైళ్లలో 1,670 అడుగులు ఎక్కుతారు. సగటున పావు శాతం. ఎక్కుతున్నామని కాళ్లకి తెలియదు, సాయంత్రానికి కాస్త అలసట ఎక్కువైనట్టు ఉంటుందంతే. కంబర్లాండ్ వైపు నుంచి మాత్రం దాదాపు అంతే ఎత్తుని 24 మైళ్లలోనే ఎక్కాలి. అయినా ఎక్కడా రెండు శాతం దాటదు. బిగ్ శావేజ్ అనే కొండ కింద 3,294 అడుగుల సొరంగం తవ్వకపోయి ఉంటే ఆ లెక్క కుదిరేది కాదు.

కాలువ గట్టు సంగతి ఇంకా తమాషా. నీళ్లు పడవల్ని మోయాలంటే కాలువ సమతలంగా ఉండాలి. ఎత్తు మారాల్సిన చోటల్లా ఒక లాకు, అంటే నీటిమట్టం పెంచి తగ్గించి పడవని దాటించే తలుపుల అర, పెట్టాలి. కంబర్లాండ్ నుంచి డీసీకి ఉన్న 605 అడుగుల ఎత్తు తేడాని 74 లాకులు పంచుకున్నాయి. ఒక్కో లాకు దగ్గర ఎనిమిది అడుగుల ఎక్కుడో దిగుడో ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ లాకు వచ్చేదాకా బల్లపరుపు. గట్టు మీద నడిచే కంచరగాడిదలు తాడు కట్టి బొగ్గు పడవల్ని లాగేవి. వాటి డెక్కల కోసం చదును చేసిన దారిలోనే ఇప్పుడు మన టైర్లు పోతున్నాయి.

ఒకేరోజు పుట్టిన ఇద్దరు శత్రువులు

1828 జూలై 4న అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ పార పట్టి ఈ కాలువకి మొదటి మట్టి తీశారు. సరిగ్గా అదే రోజు బాల్టిమోర్‌లో బాల్టిమోర్ అండ్ ఒహైయో రైల్వేకి శంకుస్థాపన జరిగింది. ఇద్దరి లక్ష్యం ఒక్కటే, కొండలు దాటి ఒహైయో నదిని చేరడం. ఇద్దరికీ కావలసిన దారి కూడా ఒక్కటే, పొటోమాక్ లోయ. పాయింట్ ఆఫ్ రాక్స్ అనే చోట కొండకీ నదికీ మధ్య ఉన్న సందు ఒక్కరికి మాత్రమే సరిపోయేలా ఉంది. కోర్టుకెక్కారు. 1832లో మేరీల్యాండ్ అప్పీళ్ల కోర్టు కాలువ కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. తర్వాత సర్దుబాటు చేసుకుని రెండూ పక్కపక్కనే సాగాయి. ఈ లోయలో దారి హక్కు కోసం జరిగిన పెద్ద తగాదాల్లో ఇది మొదటిది.

కేసు గెలిచిన కాలువ వ్యాపారంలో ఓడిపోయింది. రైలు 1842లోనే కంబర్లాండ్ చేరింది. కాలువ 1850లో గానీ రాలేదు, ఒహైయోకి ఎప్పటికీ చేరలేదు. ఆలస్యానికి పా పా అనే చోటి సొరంగం ఒక్కటి చాలు ఉదాహరణగా. నది ఆరు మైళ్లు వంకర్లు తిరిగే చోట అడ్డంగా వెళ్దామని 1836లో 3,118 అడుగుల సొరంగం మొదలుపెట్టారు. రెండేళ్లలో అయిపోతుందనుకున్నది 14 ఏళ్లు పట్టింది. ఇప్పుడా సొరంగంలో సైకిల్ దిగి, చేతిలో లైటు పట్టుకుని, పాత కొయ్య కమ్మీ పక్కన నడుస్తూ దాటాలి. కింద నల్లటి నీళ్లు, పైన చుక్కలు చుక్కలుగా కారే ఇటుక కప్పు. నా మటుకు నాకు మొత్తం 540 కిలోమీటర్లలో గొప్ప చోటు ఇదే. గ్యాప్ అభిమానులు ఒప్పుకోరు.

1889 వరదకి కాలువ చితికిపోయి పోటీదారైన రైల్వే గుప్పిట్లోకి వెళ్లింది. 1924 వరద తర్వాత పడవలు శాశ్వతంగా ఆగిపోయాయి. 1938లో అమెరికా ప్రభుత్వం 20 లక్షల డాలర్లకి మొత్తం కాలువని కొనేసింది. దీని విలువ అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 184 మైళ్ల పొడవున, ముక్కలు కాకుండా, ఒకే యజమాని చేతిలో ఉన్న నేల అది. కాలువ కంపెనీ వందేళ్ల కింద రైతుల దగ్గర ముక్క ముక్కగా సంపాదించిన నేల. ఇప్పుడు మళ్లీ అలా కూడబెట్టాలంటే ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

అయినా దాన్ని దాదాపు చేజార్చుకున్నారు. కాలువ మీదుగా కార్లు తిరిగే పార్క్‌వే వేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. 1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ దాన్ని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్ నిత్యం ఆ గట్టు మీద నడిచే మనిషి. ఆయన పత్రికకి ఉత్తరం రాశారు, నాతో కలిసి మొత్తం నడిచి చూసి అప్పుడు చెప్పండని. సంపాదకులు సరేనన్నారు. మార్చిలో కంబర్లాండ్ నుంచి బయల్దేరిన గుంపులో చివరిదాకా మొత్తం నడిచింది తొమ్మిది మంది. పత్రిక తన అభిప్రాయం మార్చుకుంది. 1961లో ఐసెన్‌హోవర్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1971లో అది జాతీయ చారిత్రక ఉద్యానవనమైంది. మధ్యలో పదిహేడేళ్లు. ఆ సంపాదకీయానికి జవాబు రాకపోయి ఉంటే పొటోమాక్ ఒడ్డున ఇవాళ నాలుగు లేన్ల రోడ్డు ఉండేదేమో.

రైలు పోయాక నేల ఎవరిది?

ఇక గ్యాప్ కథ. వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్వే 1912లో కంబర్లాండ్ నుంచి పెన్సిల్వేనియాలోని కానెల్స్‌విల్‌దాకా కొత్త మార్గం తెరిచింది. అక్కడి బొగ్గు, కోక్ (ఇనుప కొలిముల్లో వాడే కాల్చిన బొగ్గు) సరుకు కోసం. యోకగేనీ అనే నదికి ఒక ఒడ్డున అప్పటికే బాల్టిమోర్ అండ్ ఒహైయో రైల్వే ఉంది, కొత్తది రెండో ఒడ్డున వచ్చింది. పోటీ ఉన్నంతకాలం రెండు మార్గాలూ నడిచాయి. 1973లో రెండు కంపెనీలూ చెస్సీ సిస్టమ్ అనే ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఒకే లోయలో ఒకే యజమానికి రెండు మార్గాలెందుకు? 1975లో కొత్తదాన్ని మూసేశారు. పాతది ఇప్పటికీ నడుస్తోంది. అందుకే దారిలో వచ్చే ఒహైయోపైల్ అనే ఊరి దగ్గర అడవిలో నిశ్శబ్దంగా వెళ్తుంటే నది అవతల నుంచి గూడ్సు బండి కూత వినిపిస్తుంది.

అమెరికా అంతటా ఇదే వరస. 1916లో అక్కడ 2,54,000 మైళ్ల రైలు మార్గం ఉండేది. ఇప్పుడు మిగిలింది దాదాపు 1,40,000. లారీలు సరుకుని లాక్కున్నాయి, కంపెనీలు కలిసిపోయాయి, 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టంతో నష్టాల మార్గాల్ని మూసెయ్యడం సులువైంది. పట్టాలు పీకి తుక్కు కింద అమ్మేశారు. మరి నేలో?

చిక్కుముడి ఇక్కడుంది. రైల్వే కంపెనీ చాలాచోట్ల భూమిని కొనలేదు. దాని మీదుగా రైలు నడుపుకునే హక్కు మాత్రమే తీసుకుంది. మన ఊళ్లలో ఒకరి పొలం మధ్య నుంచి వెనక పొలంవాడి బండికి దారి వదులుతారే, అలాగన్న మాట. దారి వాడినంతకాలం హక్కు ఉంటుంది, నేల మాత్రం పొలంవాడిదే. వాడకం మానేశారని తేలిన రోజు హక్కు చచ్చిపోయి నేల మొత్తం పొలంవాడిదవుతుంది. ఒక రైలు మార్గం వందల మంది భూముల మీదుగా పోతుంది. రైలు ఆగిందంటే ఆ గొలుసు ఒక్కరోజులో వందల ముక్కలైపోతుంది. ఒకడు కంచె వేస్తాడు, ఇంకొకడు దున్నేస్తాడు, మూడోవాడు షెడ్డు కడతాడు. పదేళ్ల తర్వాత అక్కడ రైలు ఉండేదని చెప్పినా ఎవరూ నమ్మరు.

1983లో అమెరికా కాంగ్రెస్ జాతీయ ట్రెయిల్స్ చట్టానికి ఒక చిన్న సవరణ చేసింది. రైల్వే తన మార్గాన్ని ఒక సంస్థకో ప్రభుత్వానికో ట్రెయిల్‌గా, అంటే నడక, సైకిళ్ల దారిగా, వాడుకోవడానికి అప్పగిస్తే దాన్ని వదిలేసినట్టు లెక్కించకూడదు. ఎప్పుడో దేశానికి మళ్లీ రైలు అవసరం పడొచ్చు కాబట్టి ఈ దారిని దాచిపెడుతున్నాం, అందాకా సైకిళ్లు తిరుగుతాయి అన్నది వాదన. దీన్నే రైల్ బ్యాంకింగ్ అంటారు. తెలివైన ఎత్తు, కాస్త కొంటెదే. మళ్లీ రైళ్లు వస్తాయని నిజంగా ఎదురుచూసేవాళ్లు తక్కువ. కాకపోతే కొన్నిచోట్ల నిజంగానే పట్టాలు తిరిగొచ్చాయి కాబట్టి దాన్ని ఉత్త సాకు అనలేం.

భూముల వాళ్లు ఊరుకుంటారా? వెర్మాంట్‌లో ఒక దంపతుల ఇంటి పక్కనుంచి ఇలాంటి దారి వచ్చింది. నేల మాకు తిరిగి రావలసింది, ప్రభుత్వం మధ్యలో లాక్కుందని వాళ్లు సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 1990లో కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది: చట్టం చెల్లుతుంది, అయితే భూమి పోయిందనుకునేవాళ్లు ప్రభుత్వం నుంచి పరిహారం అడగొచ్చు. దారీ నిలిచింది, డబ్బు అడిగే హక్కూ నిలిచింది. అప్పటి నుంచి పరిహారం కేసులు పడుతూనే ఉన్నాయి. 2014లో వ్యోమింగ్ రాష్ట్రానికి చెందిన ఇంకో కేసులో 8-1 తేడాతో తీర్పు అవతలి వైపు వెళ్లింది. 1875 నాటి చట్టం కింద రైల్వేలకి ఇచ్చిన ప్రభుత్వ భూముల్లో, వాడకం మానేశాక హక్కు ప్రభుత్వానికి తిరిగి రాదని, ఇప్పటి భూమి యజమానికే పోతుందని చెప్పింది.

ఇందులో ఎవరిది న్యాయం? సైకిల్ తొక్కేవాళ్లం కాబట్టి మనకి ట్రెయిల్ పక్షమే నచ్చుతుంది. కానీ తన పెరటి వెనక ముత్తాత రైల్వేకి మాత్రమే ఇచ్చిన దారిలో రోజుకి వందల మంది అపరిచితులు తిరుగుతుంటే మండిపడే మనిషి కోపం కూడా అబద్ధం కాదు. పరిహారం ఇచ్చి దారి నిలుపుకోవడం నాకు సబబుగానే తోస్తుంది. ఆ ఖర్చు పన్నులు కట్టేవాళ్ల మీద పడుతుందని మాత్రం ఒప్పుకోవాలి.

చట్టం ఒక్కటే చాలదు. మిస్సోరి నది వెంట సాగే కేటీ ట్రెయిల్ రైల్ బ్యాంకింగ్‌కి పేరుపడ్డ ఉదాహరణ. 1986లో అక్కడ రైళ్లు ఆగిపోతే రాష్ట్రం ముందుకొచ్చింది. నేల తీసుకోవడానికీ, దారి కట్టడానికీ మొదటి డబ్బు ఒక దంపతుల విరాళంతో సమకూరింది. గ్యాప్‌లో ఒహైయోపైల్ వైపు భాగాన్ని 1970ల చివర్లోనే పశ్చిమ పెన్సిల్వేనియాకి చెందిన ఒక సంరక్షణ సంస్థ కొని పెట్టింది. ఎవరో ఒకరు సరైన సమయంలో చెక్కు రాయాలి, లేదంటే పొలంవాడి నాగలి ముందొస్తుంది. ఒహైయోపైల్ దగ్గర మొదటి తొమ్మిది మైళ్లు 1986లో తెరుచుకున్నాయి. 1995లో ఏడు చిన్న ట్రెయిల్ సంఘాలు కలిసి ఒక కూటమి కట్టాయి. 2006కి కంబర్లాండ్ కలిసింది. పిట్స్‌బర్గ్ దగ్గర ఒక మైలు కూడా లేని చివరి ముక్క 2013 జూన్‌లో గానీ పూర్తి కాలేదు. 150 మైళ్లకి 27 ఏళ్లు పట్టింది, అందులో పార పట్టిన కాలం కన్నా ఫైళ్లు తిరిగిన కాలమే ఎక్కువ.

కాగితం బలంగా లేకపోతే ఏమవుతుందో పొటోమాక్ మీదే ఇంకో ఉదాహరణ ఉంది. వర్జీనియాలోని లీస్‌బర్గ్ దగ్గర వైట్స్ ఫెర్రీ అనే పంటు తరతరాలుగా కార్లనీ సైకిళ్లనీ దాటించేది. యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే మనవాళ్లు డబ్ల్యూ అండ్ ఓడీ అనే ఇంకో పాత రైలు దారి ట్రెయిల్ మీద లీస్‌బర్గ్ దాకా వెళ్లి, పంటెక్కితే సీ అండ్ ఓ గట్టు మీదికి చేరిపోయేవారు. వర్జీనియా వైపు పంటు ఆగే నేల ఎవరిదన్న తగాదాలో కోర్టు తీర్పు భూమి యజమానుల పక్షాన వచ్చింది. 2020 డిసెంబర్‌లో పంటు ఆగిపోయింది. నది అక్కడే ఉంది, రెండు ఒడ్లూ అక్కడే ఉన్నాయి. అడ్డొచ్చింది కాస్తంత నేల.

తారు వద్దు, పొడి చాలు

ఇలాంటి దారి మీద తారు ఎందుకు వేయరని అడుగుతారు. ఊళ్ల దగ్గర వేశారు, మెకీస్‌పోర్ట్ నుంచి పిట్స్‌బర్గ్‌దాకా చాలావరకు తారే. అడవిలో మాత్రం సున్నపురాయి క్రషర్ డస్ట్. పెద్ద కంకర పోసి ఊరుకుంటే టైరు జారుతుంది. చిన్న రాళ్లు, ఇసుకంత రవ్వ, పిండిలాంటి పొడి మూడూ పాళ్లలో కలిపి, తడిపి, రోలర్‌తో తొక్కిస్తే రవ్వ సందుల్ని పొడి నింపేస్తుంది. సున్నపురాయికి ఇంకో గుణం ఉంది. వాన నీటికి పొడి కొద్దిగా కరిగి, ఆరాక మళ్లీ పట్టుకుంటుంది. కింద రైలు కోసం పోసిన కంకర పరుపు ఎలాగూ ఉంది, నీళ్లు అందులోంచి దిగిపోతాయి. ఖర్చు తారు కన్నా తక్కువ, చెట్ల వేళ్లు పైకి తన్నినా ఒక బండెడు పొడి పోసి సరిచేయొచ్చు. కార్లు తిరగవు కాబట్టి తొందరగా పాడవదు.

సీ అండ్ ఓ గట్టుకి ఈ అదృష్టం అంతటా లేదు. దాని అడుగున ఉన్నది కాలువ తవ్విన బంకమన్ను. కొన్నేళ్లుగా ముక్కముక్కగా రాతిపొడి వేస్తున్నారు, వేసిన చోట హాయిగా ఉంటుంది. వేయని చోట గుంతలు, వేళ్లు, రెండు చక్రాల గాడుల మధ్య గడ్డి. పెద్ద వాన పడిందంటే రెండు రోజులు బురదే. గ్యాప్ మీద 32 మిల్లీమీటర్ల టైరు సరిపోతుంది. కాలువ గట్టు మీదికి 40 లేదా అంతకన్నా వెడల్పు కావాలి, గాలి కాస్త తగ్గించి. గ్రావెల్ బైక్ పేరుతో అమ్మే ఖరీదైన సైకిలే ఉండాలని లేదు. వెడల్పు టైరు పట్టే ఏ మామూలు హైబ్రిడ్ సైకిలైనా చాలు.

పచ్చదనం కూడా పాతది కాదు

ఈ అడవిని చూసి ఆదిమకాలం నాటిదనుకునేవాళ్లున్నారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆ కొండల్లో చెట్లు చాలామటుకు నరికేశారు, గనుల్లో దూలాలకీ పట్టాల కింద స్లీపర్లకీ. కానెల్స్‌విల్ చుట్టూ బొగ్గుని కోక్‌గా కాల్చే బట్టీలు వరసలు వరసలుగా పొగ కక్కేవి. ఇప్పుడు కనిపించేది గనులు, మిల్లులు మూతపడ్డాక తిరిగి మొలిచిన అడవి. వసంతంలో పూలు, అక్టోబర్‌లో ఎర్రబడే మేపుల్ ఆకులు అన్నీ నిజమే. దారి పక్కన వాగుల్లో రాళ్లు కొన్నిచోట్ల నారింజ రంగులో ఉండటం కూడా నిజమే. వదిలేసిన గనుల్లో గంధకం, ఇనుము కలిసిన రాయికి గాలీ నీరూ తగిలి ఆమ్లం పుడుతుంది, దాంతోపాటు కరిగి వచ్చిన ఇనుము బయట తుప్పుగా పేరుకుంటుంది. గనులు మూసి దశాబ్దాలైనా ఆ కారుడు ఆగలేదు.

పిట్స్‌బర్గ్‌లో అడుగుపెట్టేముందు హాట్ మెటల్ బ్రిడ్జి దాటుతాం. ఒకప్పుడు కరిగిన ఇనుముని ఒక ఒడ్డున ఉన్న కొలిమి నుంచి ఇంకో ఒడ్డున ఉన్న స్టీల్ మిల్లుకి రైలు మీద దాటించిన వంతెన అది. పేరుకి తగ్గ పని చేసింది.

వదిలేసిన చోటుకి కొత్త యజమానులు మనుషులే కానక్కర్లేదు. హాన్‌కాక్ ఊరి దగ్గర కాలువకి సమాంతరంగా వెస్టర్న్ మేరీల్యాండ్ రైల్ ట్రెయిల్ అని 28 మైళ్ల తారు దారి ఉంది. దాన్ని పొడిగించేటప్పుడు ఇండిగో సొరంగం అడ్డొచ్చింది. అందులో గబ్బిలాలు స్థిరపడ్డాయి. సొరంగాన్ని వాటికే వదిలేసి సైకిళ్లని పక్కకి మళ్లించారు. కాలువ గట్టు బురదగా ఉన్నప్పుడు చాలామంది ఈ తారు మీదికి మారిపోతారు.

ఏ వైపు నుంచి, ఎప్పుడు

మొత్తం ఒకేసారి తొక్కేవాళ్లు ఎక్కువగా పిట్స్‌బర్గ్ నుంచే బయల్దేరతారు. పొడవైన మెల్లని ఎక్కుడు ముందు అయిపోతుంది, డివైడ్ దాటాక కంబర్లాండ్‌దాకా ఏకధాటిగా దిగుడు. డివైడ్‌కి కాస్త ముందే 1,908 అడుగుల పొడవున్న సాల్స్‌బరీ వయాడక్ట్ అనే ఎత్తైన వంతెన వస్తుంది, సొరంగాలు ఎక్కువగా డివైడ్ దాటాకే. వయాడక్ట్ మీద నుంచి చూస్తే కాసెల్‌మన్ లోయ, హైవే, రైలు మార్గం మూడూ కాళ్ల కింద ఉంటాయి. వారం రోజుల సెలవు లేనివాళ్లకి ఇంకో మార్గం ఉంది. కంబర్లాండ్ నుంచి ఫ్రాస్ట్‌బర్గ్‌కి వెళ్లే పర్యాటక రైలు సైకిళ్లని ఎక్కించుకుంటుంది. పైకి రైల్లో వెళ్లి 16 మైళ్లు దిగుతూ వచ్చేయొచ్చు, పిల్లలతో కూడా. పిట్స్‌బర్గ్, కానెల్స్‌విల్, కంబర్లాండ్, డీసీలలో ఆగే ఆమ్‌ట్రాక్ రైలుంది, సైకిల్‌కి ముందుగా చోటు బుక్ చేసుకోవాలి. చోట్లు తక్కువ.

బిగ్ శావేజ్ సొరంగం తలుపులు చలికాలమంతా మూసి ఉంటాయి, గోడల్లో నీరు గడ్డకట్టి లోపలి పూత పగలకుండా. ఏప్రిల్ వచ్చేదాకా పూర్తి ప్రయాణం పెట్టుకోకూడదు. కాలువ గట్టు మీద కొన్ని మైళ్లకొక ఉచిత శిబిర స్థలం ఉంది, చేతిపంపుతో సహా. చలికాలంలో ఆ పంపులు పనిచేయవు. గుడారం వద్దనుకుంటే పాత లాకు కాపలాదారుల ఇళ్లు కొన్ని రాత్రి బసకి అద్దెకిస్తారు.

మన దగ్గర ఎందుకు లేవు

హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వచ్చింది. మంచిదే. పైన నీడ ఉంది, కింద నున్నగా ఉంది, పక్కనే బండ్ల మోత ఉంది. లోయలో అడవి దారి కోరుకునేవాళ్లకి అది వేరే వస్తువు.

మన దేశంలో రైలు మార్గం మూతపడటమే అరుదు. మీటర్‌గేజ్ ఎత్తేసినా ఎక్కువచోట్ల అదే కట్ట మీద బ్రాడ్‌గేజ్ వేశారు. నేల రైల్వే శాఖదే కాబట్టి పొలంవాడికి తిరిగిపోయే గొడవ పెద్దగా లేదు, అలాగని సైకిల్‌కి దారి ఇచ్చే చట్టమూ లేదు. రాజమండ్రిలో హావ్‌లాక్ వంతెన 1900లో తెరుచుకుంది, 1997 నుంచి దాని మీద రైళ్లు లేవు. గోదావరి మీద దాదాపు 2.7 కిలోమీటర్ల పొడవు, ఒక్క బండి లేదు. దాన్ని నడకకీ పర్యాటకానికీ తెరవాలన్న మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం.

నాకు మాత్రం ఆశ పుట్టించేది కాలువ గట్లు. కాటన్ దొర కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట కింద తవ్విన డెల్టా కాలువలు పొలాలకి నీళ్లతోపాటు పడవల కోసం కూడా. పొటోమాక్ ఒడ్డున ఉన్నట్టే లాకులున్నాయి, తాడు పట్టి పడవ లాగిన గట్లున్నాయి. వాలు దాదాపు సున్నా, నీడనిచ్చే చెట్లు చాలాచోట్ల ఉన్నాయి. యజమాని కూడా ఒక్కడే, నీటిపారుదల శాఖ. అమెరికావాళ్లు ముప్పై ఏళ్లు కోర్టుల్లో తిరిగి కూడబెట్టుకున్న ఆ ఒక్క సౌకర్యం ఇక్కడ అప్పనంగా ఉంది. అడ్డు వేరే: గట్ల మీద ఆక్రమణలు, చాలాచోట్ల గట్టునే తారు రోడ్డు చేసి లారీలకి ఇచ్చేయడం. కోనసీమలో ఇప్పటికీ తారు పడని గట్లు మిగిలాయి. వాటిని అలాగే ఉంచి మీద ఒక పొర రాతిపొడి వేస్తే చాలు, సొరంగాలూ వంతెనలూ అక్కర్లేదు.

అడవి దారి కావాలంటే నల్లమల ఉంది. నంద్యాల, గిద్దలూరు మధ్య చలమ, బోగద స్టేషన్ల నడుమ 1880లలో వేసిన మీటర్‌గేజ్ మార్గం, బ్రాడ్‌గేజ్ వేసేటప్పుడు పక్కకి జరిగింది. దొరబావి వంక మీద పాత వంతెన స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. కాగితం మీద చూస్తే గ్యాప్‌కి అచ్చమైన జోడీ అదే. కానీ అది పులులు తిరిగే అడవి. ఇండిగో సొరంగంలో గబ్బిలాలకి దక్కిన మర్యాద ఇక్కడ పులికి దక్కాలి కాబట్టి సైకిల్ దారి కోసం దాన్ని అడగడం నాకిష్టం లేదు. గోదావరి గట్లే ముందు.